పాత సాంట్రో సిగ్నల్ దగ్గర వణుకుతోంది, తొక్కితే తటపటాయిస్తోంది: ఇంజెక్టర్లు మార్చేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2008 మోడల్ సాంట్రో జింగ్, లక్షా పదిహేను వేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు, సీటు, అద్దం అన్నీ వణుకుతున్నాయి, ఏసీ వేస్తే మరీ ఎక్కువ. ఫస్ట్ గేర్‌లో కదలబోతూ యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం ఆలోచించి, ఆ తర్వాత జర్కుతో ముందుకు దూకుతోంది. ప్లగ్‌లు కొత్తవి వేయించినా తేడా లేదు. చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదు. మెకానిక్ మాత్రం పెట్రోల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలి, తొమ్మిది వేలవుతుంది అంటున్నాడు. మార్చమంటారా?

వద్దండీ. ఇప్పుడే అసలు వద్దు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా పెట్రోల్ బండ్లే చూస్తున్నాను. ఇలాంటి కంప్లయింటుతో వచ్చిన పాత కార్లలో నాలుగు ఇంజెక్టర్లూ ఒకేసారి పోయినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ బండి మీద నా అనుమానం వరసగా మూడింటి మీదికి పోతోంది: ప్లగ్ వైర్లు, మసి పట్టిన థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే ద్వారం), ఎక్కడో చిన్న గాలి లీకు. మూడూ కలిపినా మీ మెకానిక్ చెప్పిన దాంట్లో సగం కూడా కాదు. అలాగని నా అనుమానం నమ్ముకుని కూడా ఏదీ కొనకండి. ఏ సిలిండర్ పని చేయడం లేదో ఇంజనే చెబుతుంది. అది తెలియకుండా సామాను మార్చడమంటే చీకట్లో రాయి విసరడమే.

ముందు ఆ వణుకు ఏ రకమో తేల్చండి. ఇంజన్ బాగా వేడెక్కాక స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) వదిలేసి, వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టండి. గాలి ఒకే లయలో సమానంగా తగులుతుంటే ఇంజన్ బాగానే కొడుతోంది, వణుకు ఇంజన్ మౌంటింగ్‌ల నుంచి వస్తోందని అనుకోవచ్చు. రబ్బరు గట్టిపడినా చిరిగినా ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ కూడా బాడీని వణికిస్తుంది. ఆ లయలో మధ్యమధ్య ఒక దెబ్బ తప్పిపోతుంటే అది మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్ మండడం లేదు. అలా కాకుండా ఇంజన్ మొత్తం ఒకసారి పైకి లేచి మళ్లీ పడిపోతూ, ఆర్‌పీఎం ముల్లు ఊయల ఊగుతుంటే దాన్ని హంటింగ్ అంటాం. అది సాధారణంగా గాలి సమస్య. ఈ మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు వేరు. అన్నట్టు, అదే గొట్టం దగ్గర ఒక పల్చటి కాగితం ముక్క పట్టుకుని చూడండి. బయటికి ఎగురుతూ ఉన్నట్టుండి లోపలికి లాక్కుంటుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ కాలి ఉండొచ్చు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మిస్సింగే అని తేలితే ఏ సిలిండరో పట్టుకోవాలి. పాత పద్ధతిలో ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో ప్లగ్ వైరు లాగి చూసేవాళ్లం. ఇప్పుడు అలా చేయకండి. చేతికి షాకు కొట్టడం అటుంచితే, పోవడానికి దారి లేని కరెంటు, స్పార్క్ పుట్టించే కాయిల్ లోపలే దూకి దాన్ని పాడు చేస్తుంది. పైగా మండని పెట్రోల్ సైలెన్సర్‌లో పొగని శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. దాని బదులు ఒక్కో ఇంజెక్టర్ సాకెట్ ఊడదీయండి. పెట్రోలే ఆగిపోతుంది కాబట్టి ప్రమాదం తక్కువ. సాకెట్ తీయగానే ఇంజన్ ఇంకా కుంటుపడితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే, మళ్లీ పెట్టేయండి. తీసినా ఇంజన్‌కి చీమ కుట్టినట్టయినా లేకపోతే దొంగ దొరికినట్టే. ఈ పరీక్షలో చెక్ ఇంజన్ లైటు వెలిగినా కంగారు పడకండి, తర్వాత చెరిపేయొచ్చు.

మీ బండిలో స్పార్క్‌ని సిలిండర్లకి పంచే పాతకాలం డిస్ట్రిబ్యూటర్ లేదు. ఒక కాయిల్ 1, 4 సిలిండర్లకి, ఇంకోటి 2, 3 సిలిండర్లకి జంటగా స్పార్క్ ఇస్తుంది. కాబట్టి 1, 4 రెండూ చచ్చిపడి ఉంటే వెంటనే కాయిల్‌నో దాని వైరింగ్‌నో చూడాలి. ఒక్కటే చస్తే ఆ ఒక్క ప్లగ్, దాని వైరు, దాని ఇంజెక్టర్, దాని కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే బిగువు) చూడాలి. ఆ ప్లగ్, వైరు రెండింటినీ పక్క సిలిండర్‌తో మార్చి మళ్లీ పరీక్షించండి. మిస్సింగ్ వాటితోపాటు పక్క సిలిండర్‌కి వెళ్లిపోతే సమస్య వాటిలోనే. ఎన్ని వైర్లు మార్చినా మిస్సింగ్ ఉన్నచోటే ఉంటే ఇక ఇంజెక్టర్ లేదా కంప్రెషన్. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, పావుగంట పని.

వైర్ల మీద నాకు అంత అనుమానం ఎందుకంటే మీరు చెప్పిన ఆ "ఒక్క క్షణం". స్లోలో సిలిండర్‌లోకి వెళ్లే గాలి తక్కువ, ఒత్తిడి తక్కువ, అందుకే స్పార్క్ సులువుగా దూకుతుంది. మీరు గబుక్కున తొక్కగానే సిలిండర్ గాలితో నిండుతుంది, ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకడానికి చాలా ఎక్కువ వోల్టేజ్ కావాలి. వైరు రబ్బరుకి సన్నటి బీట ఉంటే కరెంటు ప్లగ్ దాకా కష్టపడి పోదు, పక్కనున్న ఇనుముకే దూకేస్తుంది. ఇన్నేళ్ల పాత వైర్లు పైకి బాగానే కనిపిస్తాయి. మీటరుతో రెసిస్టెన్స్ చూసినా ఒక్కోసారి సరిగ్గానే చూపిస్తాయి, ఎందుకంటే మీటరు లోపలి తీగనే కొలుస్తుంది, పై తొడుగుని కాదు.

అందుకే చీకటి పరీక్ష. రాత్రి లైట్లన్నీ ఆర్పి, బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్లు చల్లే స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద సన్నగా తుంపర కొట్టండి. వైరు బీటవారి ఉంటే నీలం రంగు మెరుపులు పాకుతూ కనిపిస్తాయి, టిక్ టిక్ చప్పుడు కూడా వినిపిస్తుంది, ఆ వెంటనే ఇంజన్ వణుకు పెరుగుతుంది. చున్నీ, పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు బెల్టుల దగ్గరికి రానివ్వకండి. ఇంజన్ ఆగి ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ దానంతట అది తిరగొచ్చు. వైర్లని చేత్తో తాకొద్దు.

మూడేళ్ల కిందట మీదాంటి బండే ఒకటి వచ్చింది. ఏలూరు నుంచి ఓ టీచరు గారు తెచ్చారు. వానాకాలం ఉదయాలు మాత్రమే వణికేది, పదింటికల్లా మామూలైపోయేది. అప్పటికే రెండు షెడ్లు తిరిగి ఫ్యూయల్ పంపు, ప్లగ్‌లు, సెన్సారు ఒకటి మార్పించుకున్నారు. మా షెడ్డుకి మధ్యాహ్నం వచ్చింది కాబట్టి నాకూ ఏమీ కనిపించలేదు. బండి రాత్రికి ఉంచేయమన్నాను. చీకటి పడ్డాక నీళ్లు కొడితే మూడో సిలిండర్ వైరు ప్లగ్ దగ్గర వంపులో దీపావళి కాకరపువ్వొత్తిలా మెరిసింది. వైర్ల సెట్టు ఒకటి మార్చాను, అంతే.

ప్లగ్‌లు కొత్తవే కదా అని వాటిని వదిలేయకండి. బిగించేటప్పుడు ప్లగ్ పానా పక్కకి ఒరిగితే లోపలి పింగాణీ వెంట్రుకవాసి చీలుతుంది, పైకి తెలియదు. తీసి చూసినప్పుడు తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు నల్లగీత నిలువుగా ఉంటే స్పార్క్ అటే జారుతోందని అర్థం. ప్లగ్‌తో పాటు వైరు బూటు కూడా మార్చాల్సిందే, పాత బూటు కొత్త ప్లగ్‌ని నాలుగు రోజుల్లో మళ్లీ చెడగొడుతుంది. గ్యాప్ ఈ ఇంజన్‌కి 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్ల చుట్టూ ఉండాలి, మీ మాన్యువల్‌తో సరిచూసుకోండి. డబ్బాలోంచి తీసి కొలవకుండా బిగించేవాళ్లే ఎక్కువ. ఇక రంగు: లేత గోధుమ రంగుంటే మంచిది, పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, జిడ్డు నలుపైతే ఆయిల్ పైకి వస్తోంది. నాలుగింట్లో ఒక్కటే వేరే రంగులో ఉంటే మీ వెతుకులాట అక్కడికక్కడే సగం అయిపోయినట్టు.

ఇక ఏసీ వేస్తే పెరగడం సంగతి. కంప్రెసర్ పట్టగానే ఇంజన్ మీద బరువు పడుతుంది, దానికి తగ్గట్టు ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) స్లోకి గాలి ఇచ్చే ఐడిల్ వాల్వ్‌ని ఇంకాస్త తెరిచి గాలి పెంచాలి. ఆ దారిలో ఏళ్ల తరబడి మసి పేరుకుంటే తెరిచినా గాలి చాలదు. థ్రాటిల్ బాడీలో తిరిగే బటర్‌ఫ్లై రేకు అంచు చుట్టూ నల్లటి వలయం కడుతుంది కూడా. థ్రాటిల్ బాడీ విప్పి, దానికోసం అమ్మే క్లీనర్‌తో మెత్తటి గుడ్డ పెట్టి తుడిపించండి, ఐడిల్ వాల్వ్ దారి కూడా. ఉప్పుకాగితం, వైర్ బ్రష్ పెట్టనివ్వకండి. బటర్‌ఫ్లై ఆపే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పి స్లో పెంచే మెకానిక్ దగ్గర్నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోండి. అది రోగాన్ని దాస్తుంది, తగ్గించదు. రేపు థ్రాటిల్ సెన్సార్ లెక్క కూడా తప్పుతుంది. శుభ్రం చేశాక బ్యాటరీ కాసేపు తీసి పెట్టి, తర్వాత ఏసీ లేకుండా పది నిమిషాలు స్లోలో నడిపించండి. మొదటి రోజు స్లో కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది.

గాలి లీకు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వీడియోలు చూసి చాలామంది ఇక్కడే తప్పుదోవ పడతారు. మీ బండిలో గాలిని నేరుగా కొలిచే మీటరు లేదు. మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) ఒత్తిడి చూసి గాలి ఎంత వస్తోందో ఈసీఎం లెక్క కడుతుంది. కాబట్టి నాలుగు సిలిండర్లకీ ఉమ్మడిగా ఉన్న చోట పైపు చిల్లుపడితే దొంగగాలికి కూడా పెట్రోల్ కలిపేస్తుంది, ఇంజన్ చావదు, స్లో పెరుగుతుంది లేదా ఊగుతుంది. ఒక్క సిలిండర్ దారి దగ్గరే గాస్కెట్ లీకైతే మాత్రం ఆ సిలిండర్‌కే గాలి ఎక్కువై అదొక్కటే మిస్ కొడుతుంది. స్లో మామూలుగా ఉండి మిస్సింగ్ ఉన్నంత మాత్రాన గాలి లీకు లేదని అనుకోకూడదు.

వెతకడం ఎలాగంటే, మానిఫోల్డ్ గాస్కెట్ చుట్టూ, ప్రతి సన్న పైపు మూలల్లో కొంచెం కొంచెంగా నీళ్ల తుంపర కొట్టి ఇంజన్ చప్పుడు వినండి. లీకున్న చోట నీళ్లు పడగానే చప్పుడు మారుతుంది. షెడ్డులో మేం క్లీనర్ స్ప్రే వాడతాం, కానీ అది వేడి సైలెన్సర్ మీద పడితే భగ్గుమంటుంది, ఇంట్లో వద్దు. బ్రేక్ బూస్టర్ పైపుని మర్చిపోవద్దు: స్లోలో బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకున్నంతసేపూ ఇంజన్ చప్పుడు మారి అలాగే ఉండిపోతుంటే బూస్టర్ లీకు. ఇంజన్ ఆయిల్ ఆవిరి తిరిగొచ్చే పీసీవీ వాల్వ్ తీసి ఊపితే లోపల టక్ టక్ మనాలి.

పొలాల పక్కన, పాకల కింద నిలిపే బండ్లయితే ఎలుకల్ని కూడా లెక్కలో వేసుకోండి. కోతలయ్యాక మా దగ్గరికి ఎలుక కొరికిన పైపులతో ఏటా రెండు మూడు బండ్లు వస్తాయి. ఒకసారైతే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే దోసెడు వడ్లు రాలాయి. గాలి పీల్చుకోవడానికి దారే లేదు పాపం ఆ బండికి!

మానిఫోల్డ్‌లో పీల్పు ఎంతుందో కొలిచే వ్యాక్యూమ్ గేజ్ ఉన్న మెకానిక్ అయితే ఇంకా సులువు. మా విజయవాడలో మంచి ఇంజన్ స్లోలో 18 నుంచి 20 అంగుళాలు చూపిస్తుంది, ముల్లు కదలదు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి అంగుళంన్నర, రెండు తగ్గించి చూడాలి, ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కదా. ముల్లు లయగా ఒకేచోట టకీమని పడి లేస్తుంటే వాల్వ్. మొత్తంగా తక్కువలో నిలబడితే లీకు లేదా టైమింగ్ (వాల్వ్‌లు తెరుచుకునే వేళ) తప్పడం. ఈ మధ్య టైమింగ్ బెల్టు మార్పించారా? మీరు రాయలేదు. ఆ పని అయిన వారంలోనే వణుకు మొదలై ఉంటే బెల్టు ఒక పన్ను తప్పిందేమో మొట్టమొదట చూడాలి, మిగతాదంతా తర్వాత.

మన ఊళ్లలో ఇంకో అలవాటుంది. ఎండలు ఎక్కువని, ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని ఆపే థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తారు. అది లేకపోతే ఇంజన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, ఈసీఎం ఇంకా పొద్దున్నే అనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ప్లగ్‌లు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, స్లో గరగరలాడుతుంది. కూలెంట్ సెన్సార్ తప్పు చెప్పినా ఇదే కథ. స్కానర్ పెడితే వేడెక్కిన ఇంజన్‌లో 85 డిగ్రీల పైన చూపించాలి.

స్కానర్ అన్నాను కాబట్టి: లైటు వెలగలేదంటే జబ్బు లేదని కాదు. మన దేశంలో ఓబీడీ-2 (బండి తన లోపాలని తానే పట్టి కోడ్ రాసుకునే పద్ధతి) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి, మీ బండి అంతకు ఐదేళ్లు పెద్దది. మిస్సింగ్‌ని లెక్కపెట్టి కోడ్ ఇచ్చే తెలివి దాని నుంచి ఆశించకండి. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ దీనికి కలవకపోవచ్చు కూడా. కలిస్తే కోడ్‌ల కంటే నడుస్తున్న అంకెలు చూడండి. ఏసీ ఆపి, వేడి ఇంజన్ స్లోలో మ్యాప్ ప్రెషర్ (మానిఫోల్డ్‌లో ఒత్తిడి) 30 నుంచి 40 కిలోపాస్కల్ మధ్య ఉంటే గాలి వైపు బాగుంది. 50 దగ్గరుంటే లీకో, టైమింగో, కంప్రెషనో. థ్రాటిల్ సెన్సార్ వోల్టేజ్ మూసినప్పుడు అర వోల్టు చుట్టూ మొదలై, పెడల్ నెమ్మదిగా తొక్కుతుంటే ఎక్కడా ఆగకుండా, వెనక్కి పడకుండా పెరగాలి. రోజూ మన కాలు ఆడేది మొదటి పావు వంతులోనే కదా, సెన్సార్ అరిగేదీ అక్కడే. తొక్కగానే ఒక్క క్షణం ఆగడానికి వైర్ల తర్వాత నేను చూసేది ఇదే.

పెట్రోల్ వైపు నేను చివరికి వెళ్తాను. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్చేయండి. పంపు మీద అనుమానముంటే ప్రెషర్ గేజ్ పెట్టించండి, ఈ తరం కార్లలో దాదాపు 3 బార్ చుట్టూ ఉండి, రేస్ చేసినప్పుడు పడిపోకూడదు. ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) గురించి అందరూ అడుగుతున్నారు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం కొంచెం పల్చబడుతుంది. ఇంజన్ వేడెక్కాక ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీఎం సర్దుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడు సర్దుకోలేదు. కాబట్టి పొద్దున్నే మొదటి రెండు నిమిషాలే తటపటాయింపు ఉంటే దాని పాత్ర ఉండొచ్చు. మీకు వేడిలోనూ వస్తోందంటే నెపం దాని మీదకి తోసేయలేం. అయితే అంత పాత రబ్బరు పైపుల్ని ఇథనాల్ త్వరగా చెడగొడుతుంది, ట్యాంకులో నీరు చేరితే దాన్నీ పీల్చుకుంటుంది. బండిని నెలలు నిలిపి ఉంచేవాళ్లయితే పెట్రోల్ పైపులు ఏడాదికోసారి చేత్తో నొక్కి చూసుకోండి.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. పదేళ్ల కిందట ఒక మారుతి ఎస్టీమ్ కారుకి ఇవే లక్షణాలు. ఏసీ, హెడ్‌లైట్లు వేస్తే ఇంజన్ చచ్చినంత పని చేసేది. ప్రెషర్ తక్కువగా కనిపించేసరికి పంపు మార్చేశాను. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్లీ వచ్చింది. అసలు సంగతి ఏమిటంటే ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు. పంపుకీ, కాయిల్‌కీ చాలినంత వోల్టేజే అందడం లేదు. పంపు డబ్బులు వెనక్కిచ్చాను. అప్పట్నుంచి ఏ బండి వచ్చినా ముందు మీటరు ఒక కొస ఇంజన్ బ్లాకుకి, ఇంకో కొస బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, ఏసీ, లైట్లు వేసి చూస్తాను. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ శుభ్రం చేశాకే మిగతా పని.

ఇవన్నీ అయ్యాక కూడా ఒకే సిలిండర్ మొరాయిస్తుంటే కంప్రెషన్ చూపించండి. 150 పీఎస్ఐ పైన ఉండి, నాలుగింటి మధ్య తేడా పదిహేను శాతం లోపుంటే ఫర్వాలేదు. ఒకటి బాగా తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గాస్కెట్. కాగితం పరీక్షలో అనుమానించిన కాలిన వాల్వ్ ఇక్కడే తేలుతుంది. గ్యాస్ కిట్ పెట్టిన బండ్లలో వాల్వ్ సీటు అరిగి, వాల్వ్‌కి ఉండాల్సిన సందు బిగుసుకుపోతుంది, చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి వేడెక్కాక వణుకుతాయి. మీకు కిట్ ఉందా లేదా రాయలేదు.

కంప్రెషన్ బాగుండి, స్పార్క్ బాగుండి, సాకెట్‌కి కరెంటు వస్తూ, పొడుగు స్క్రూడ్రైవర్ ఇంజెక్టర్ మీద ఆనించి పిడికి చెవి పెడితే మిగతా మూడూ టకటకలాడుతూ ఇదొక్కటే మూగగా ఉంటే, అప్పుడు ఇంజెక్టర్. అప్పుడైనా ముందు నాలుగూ విప్పించి బెంచి మీద క్లీనింగ్, కొలత చేయించండి. ఒకే టైములో నాలుగు గాజు గొట్టాల్లోకి ఎంత పోస్తున్నాయో మీ కళ్లతో చూడొచ్చు. తక్కువ పోసేది ఒక్కటైతే ఒక్కటే మార్చుకోండి.

ఈ రాత్రికి నీళ్ల స్ప్రే పరీక్ష, రేపు పొద్దున సాకెట్ పరీక్ష చేసి, ఏ సిలిండర్ పలకడం లేదో, ప్లగ్ ఏ రంగులో ఉందో, బెల్టు ఎప్పుడు మార్చారో, గ్యాస్ కిట్ ఉందో లేదో ఇక్కడే రాయండి. అప్పుడు ఏది కొనాలో చెబుతాను. అప్పటిదాకా ఆ తొమ్మిది వేలూ జేబులోనే ఉంచండి.